తల్లి చదువు: లేదు

మా ఆపా ఇంటర్ దరఖాస్తు నింపింది నేను. 1991 జూన్. నాకప్పుడు పన్నెండేళ్లు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని ఇంట్లో పేరు. అబ్బా నవారు మంచం మీద కూర్చుని ఒక్కో గడీ చదివి, ఏం రాయాలో చెబుతున్నాడు. తండ్రి పేరు. తండ్రి వృత్తి: గుమాస్తా. తండ్రి చదువు: ఎస్సెస్సెల్సీ. తల్లి పేరు. తల్లి చదువు అన్న గడి దగ్గర అబ్బా ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"లేదు అని రాయ్ బేటా."

రాశాను.

అదే సమయానికి అమ్మీ వసారాలో ఉంది. చుట్టూ తలమీద ఓణీలు కప్పుకున్న పదకొండుమంది ఆడపిల్లలు. చిన్నవాళ్ల చేతుల్లో యస్సర్నల్ ఖురాన్, పెద్దవాళ్ల ముందు రెహల్ మీద ఖురాన్. ఏ పిల్లయినా జబర్‌ని జేర్‌గా చదివిందంటే అమ్మీ తల ఎత్తేది కాదు, చాటలో బియ్యం ఏరుతూనే తప్పు పట్టుకునేది. జగ్గయ్యపేటలో మా వీధీ, వెనక వీధీ కలిపి ఆమె దగ్గర ఖతం చేసిన ఆడపిల్లలు ఎంతమందో లెక్క లేదు. వాళ్ల కూతుళ్లు కూడా తర్వాత ఆమె దగ్గరికే వచ్చారు. అయితే ఆమెకు చదివేదాని అర్థం తెలీదు. చూసి చదవగలదు, రాయలేదు. సర్కారు లెక్కలో ఏ భాషలోనైనా సరే, అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తేనే అక్షరాస్యులు. కాబట్టి అబ్బా చెప్పిందీ నేను రాసిందీ లెక్కకి సరిగ్గానే ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకి చదువు చెప్పిన మనిషి ప్రతి జనాభా లెక్కలోనూ నిరక్షరాస్యురాలే.

ఇది గొప్పగా చెప్పుకోడానికి చెప్పడం లేదు. అర్థం తెలీని చదువునే చదువనుకుని మురిసిపోవడం మనకున్న జబ్బుల్లో ఒకటి. ఆ సంగతి మనకంటే అమ్మీకే బాగా తెలుసు. ఒకసారి నందిగామ వెళ్లాల్సింది, చిల్లకల్లు అడ్డరోడ్డులో బోర్డు చదవలేక ఎదురు బస్సెక్కి కోదాడలో దిగింది. తిరిగి ఇంటికొచ్చాక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మేం నవ్వాం. ఇప్పుడు తల్చుకుంటే ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది.

ఆపా దరఖాస్తు కాలేజీకి వెళ్లలేదు.

అబ్బా చదువురానివాడు కాదని మొదటే చెప్పాను. లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసేవాడు. మా పేట చుట్టూ సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, పక్కనే హైదరాబాదు-విజయవాడ రోడ్డు. లారీ మీదా, లారీ కిందా బతికే కుటుంబాలు మావాళ్లలో చాలా ఉండేవి. డ్రైవర్లు, క్లీనర్లు, పంక్చర్లు వేసేవాళ్లు, వెల్డింగు చేసేవాళ్లు. వాళ్ల మధ్య అబ్బా చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని తిరిగే మనిషి. హైదరాబాదు నుంచి 'సియాసత్' ఆయనకి ఒకరోజు ఆలస్యంగా చేరేది. తెలుగు పేపరు ఆఫీసులో చదివి, ఇంటికొచ్చి ఉర్దూ పేపరు చదివేవాడు. నాకూ ఆపాకీ ఉర్దూ రాయడం నేర్పింది ఆయనే. ఆపాకి ముందొచ్చింది. నాకంటే బాగా వచ్చింది. సర్ సయ్యద్ గురించి, మౌలానా ఆజాద్ గురించి మొదట విన్నది మేం ఆయన నోటే. ఆపా జిల్లా పరిషత్ హైస్కూల్లో టెన్త్ ఫస్టుక్లాసులో పాసైతే వీధంతా మిఠాయి పంచిందీ, దరఖాస్తు కొనుక్కొచ్చిందీ ఆయనే.

నాలుగు రోజులు ఆ కాగితం అలమరలో ఉంది. అయిదోరోజు రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర అబ్బా లెక్క విప్పాడు.

"ఇంటర్ చదివిస్తే డిగ్రీ చదివినవాణ్ణి తేవాలి. డిగ్రీ చదివినవాడు స్కూటరు అడుగుతాడు. ఆ పైన జోడాలూ జహేజూ. మన దగ్గర ఏముంది? టెన్త్ దగ్గర ఆపితే షెడ్డులో పనిచేసే పిల్లాడైనా చేసుకుంటాడు. ఇంకో రెండేళ్లు చదివితే వాడు జంకుతాడు, డిగ్రీవాడు మనకి అందడు. ఎటూ కాకుండా పోతుంది."

ఆయన ఖురాన్ మాట ఎత్తలేదు. హదీసు చెప్పలేదు. బురఖా ప్రస్తావనే రాలేదు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కిరాయి ఇంత, డీజిలింత, మిగిలేదింత అని వేసినట్టే కూతురి చదువుకీ లెక్క వేశాడు.

అమ్మీ గిన్నెలో కూర కలుపుతూ అంది: "పడ్నే దేవ్ జీ. అప్నా క్యా జాతా?" చదువుకోనివ్వండీ, మన సొమ్మేం పోయింది అని.

"ఏం పోతుందో నీకేం తెలుసు?" అన్నాడు అబ్బా. వెటకారంగా కూడా అనలేదు. ఆమెకి నిజంగానే తెలీదనుకున్నాడు. కోదాడ బస్సెక్కిన మనిషి కదా.

ఆపా ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

తల్లిదండ్రులు చదువుకుంటే ఆడపిల్లలు చదువుకుంటారని అందరూ చెప్పే మాటే. అబద్ధమేమీ కాదు. హైదరాబాదులో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ విద్యాశాఖ నడిపిన మనిషి. ఆయన కూతురు తయ్యబా బేగం, ఆడపిల్లలు గడప దాటడమే గగనమైన రోజుల్లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి పట్టా తెచ్చుకుంది. ఆమె కూతురు మాసూమా బేగం 1960లో ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయింది. మూడు తరాలు మూడు మెట్లు ఎక్కాయి. బాగుంది. కాని ఆ మెట్ల కింద నవాబుల బంగళా ఉందన్న సంగతి మరిచిపోతే మా వీధి అర్థం కాదు.

చదువుకున్న తండ్రే గోడ కట్టిన కథా ఉంది. బెంగాల్లో రుకయా తండ్రి జమీందారు, అనేక భాషలు వచ్చినవాడు. కూతుళ్లకి మాత్రం అరబ్బీ, ఉర్దూ చాలన్నాడు. బెంగాలీ, ఇంగ్లిషు వద్దన్నాడు. ఇల్లంతా పడుకున్నాక దీపం ముందు కూర్చోబెట్టి ఆ పిల్లకి చదువు చెప్పింది అన్న. ఆ పిల్లే 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది ఆడపిల్లలతో బడి పెట్టిన రుకయా సఖావత్ హుసేన్. ఆమె గురించి చదివినప్పుడల్లా నాకు రుకయా కంటే ఆ అన్నే ఎక్కువ గుర్తుకొస్తాడు. మా ఇంట్లో తమ్ముణ్ణి నేనున్నాను కదా. దీపం మాట దేవుడెరుగు, ఇంట్లో ట్యూబులైటే ఉంది.

సెక్యులర్ మిత్రులు నన్ను ముప్పై ఏళ్లుగా ఒకే ప్రశ్న వేస్తున్నారు. డిగ్రీలో ఒక మాస్టారు క్లాసులోనే అడిగాడు: "మీవాళ్లు ఆడపిల్లల్ని చదివించరట కదా, మతం ఒప్పుకోదా?" అప్పుడు తల దించుకున్నాను. ఇప్పుడు చెబుతాను. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చూడండి. బడికెళ్లే వయసున్న ముస్లిం పిల్లల్లో మదర్సాలకి వెళ్లేవాళ్లు 3 శాతం. మిగతా పిల్లలు మీ పిల్లలు చదివే బళ్లోనే ఉన్నారు, లేదా ఏ బళ్లోనూ లేరు. జోయా హసన్, రీతూ మీనన్ దేశమంతా తిరిగి ముస్లిం ఆడవాళ్ల మీద చేయించిన సర్వే 2004లో పుస్తకంగా వచ్చింది. ఆడపిల్లల చదువు ఆగడానికి మతం కంటే బీదతనమే పెద్ద కారణమని అందులో తేలింది. ఇంకొక సంగతి చెబితే చాలామంది నమ్మరు. 2001 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, సగటు కంటే తక్కువ. అదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువ. మావాళ్లు ఎక్కువగా ఊళ్లలో కాకుండా పట్నాల్లో, పేటల్లో ఉండటం దానికి ఒక కారణం. బడి దగ్గరుంటే పంపారు. అంతే.

అంటే మావాళ్ల తప్పేం లేదని కాదు. చెప్పాల్సింది అక్కడే ఉంది. ఆపాతో పాటు టెన్త్ పాసైన పక్కవీధి రైతుల అమ్మాయికీ కట్నం లెక్కే వేశారు. కాని వాళ్లకి నల్లరేగడి ఉంది. పత్తో మిరపో కలిసొస్తే చదివించారు, రాకపోతే అరెకరం అమ్మి చదివించారు. మాకు అమ్మడానికి ఏమీ లేదు. భూమి లేని ఇంట్లో మొగపిల్లాడు పన్నెండేళ్లకే షెడ్డుకెళితే సాయంత్రానికి చేతిలో డబ్బులుంటాయి. అందుకని వాణ్ణి ఏడులోనో ఎనిమిదిలోనో మానిపిస్తాం. ఆడపిల్ల ఇంట్లోనే ఉంటుంది కాబట్టి బడికి వెళుతూనే ఉంటుంది, పాసవుతూనే ఉంటుంది. తీరా పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఆ షెడ్డులోని పిల్లాడే పెళ్లికొడుకు. వాడి చదువు ఎక్కడ ఆగిందో, మనపిల్ల చదువూ ఆ దాపునే ఆగిపోవాలి. ఇంటి కొడుకు చేతిలో స్పానరు పెట్టిన రోజే ఎవరింటి కూతురి చదువుకో హద్దు గీసేస్తున్నామన్న ఊహ మన జమాతుల్లో ఎవరికైనా వచ్చిందా? మసీదు రంగుల కోసం, మినారు ఎత్తు కోసం గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. మొగపిల్లల్ని బళ్లో ఉంచడం ఆడపిల్లల చదువుకి సంబంధించిన విషయమని ఒక్క జుమ్మా బయాన్‌లోనూ నేను వినలేదు.

ఆపా రెండేళ్లు ఇంట్లో ఉంది. అమ్మీ పక్కన కూర్చుని చిన్నపిల్లలకి అలిఫ్ బే చెప్పింది. సాయంత్రాలు అవే పిల్లలకి పలక మీద అ ఆలు దిద్దించింది. అబ్బా అప్పుడప్పుడూ 'వచ్చే ఏడు చూద్దాం' అనేవాడు. ఆ వచ్చే ఏడు 1992. డిసెంబరు 6 తర్వాత మా వీధిలో ఏమీ జరగలేదు. చదువురాని పక్కింటివాళ్లు మామూలుగానే పడుకున్నారు. అబ్బా పడుకోలేదు. పేపరు చదివే మనిషి కదా, బొంబాయి, సూరత్, ఒక్కో ఊరూ అక్షరాల మీదుగా మా ఇంట్లోకి వచ్చింది. వయసొచ్చిన పిల్లని ఇంట్లో పెట్టుకోవడం భయమైంది. ఇదీ చదువు చేసిన పనే. 1993 ఎండాకాలంలో ఆపాకి నందిగామ సంబంధం ఖాయం చేశాడు. బావ మోటారు సైకిళ్ల మెకానిక్కు. అయిదో క్లాసు. మంచి మనిషి. ఇప్పటికీ ఆ మాటే అంటాను. లెక్క ప్రకారం స్కూటరు అడగలేదు.

పేటలో నాక్కావలసిన గ్రూపులో సీటు రాలేదు. 1996లో నందిగామ కె.వి.ఆర్. కాలేజీలో బి.ఏ.లో చేరాను. ముప్పై కిలోమీటర్లు కూడా లేదు, రోజూ బస్సులో తిరగొచ్చు. కాని ఆపా ఇల్లుండగా బస్సెందుకన్నాడు అబ్బా. మూడేళ్లు ఆమె చేతి అన్నం తిన్నాను. నేను ఏ చదువు కోసం ఆమె ఇంట్లో ఉన్నానో ఆ చదువు మీద నాకు పెద్ద శ్రద్ధ లేదు. సినిమాలు, స్నేహితులు, లైబ్రరీలో పేపర్లు. రాత్రి పనంతా అయ్యాక ఆపా నా చరిత్ర పుస్తకం తీసి చదివేది. మొదట్లో కాలక్షేపం అనుకున్నాను. రెండో ఏడు పరీక్షల ముందు పుస్తకం చేత్తో పట్టుకుని నన్ను ప్రశ్నలు అడగడం మొదలెట్టింది. శాశ్వత శిస్తు పద్ధతికీ రైత్వారీకీ తేడా నాకు చెప్పింది ఆపా. ఒళ్లో పిల్లని జోకొడుతూ చెప్పింది. మార్కులు నాకొచ్చాయి. నా సర్టిఫికెట్టు మీద ఉన్నది నా పేరొక్కటే.

ఎన్నో ఏళ్ల తర్వాత, అబ్బా పోయాక, ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. అబ్బా మీద కోపం ఉందా ఆపా అని. "కోపమెందుకురా" అంది. "ఆయన లెక్క బాగానే వేశాడు. ఆ లెక్కలో పెళ్లికొడుకు ఉన్నాడు, స్కూటరు ఉంది, నీ ఫీజు కూడా ఉంది. నేనే లేను."

ఆ సగం చదువుతో ఆపా ఏం చేసిందో చెప్పాలి. డ్వాక్రా సంఘాలు వచ్చినప్పుడు వాళ్ల వీధి సంఘంలో టెన్త్ పాసైంది ఆమె ఒక్కతే. తీర్మానాల పుస్తకం, పొదుపు లెక్కలు ఆమె చేతికొచ్చాయి. బ్యాంకులో ఏ కౌంటర్లో ఏ కాగితం ఇవ్వాలో నేర్చుకుంది. అడిగితే చెప్పకపోతే మళ్లీ అడగడం నేర్చుకుంది. మా వీధుల్లో చదువు కంటే తక్కువ దొరికే వస్తువు అది. 2007లో చట్టమొచ్చి ముస్లింలలో 14 వర్గాల్ని బి.సి.-ఇ కింద చేర్చి 4 శాతం రిజర్వేషను ఇస్తే, ఆ సంగతి తెలిసీ సర్టిఫికెట్టు తెచ్చుకోని ఇళ్లు మావాళ్లలో ఎన్నో. షేక్ అని పేరుంటే చాలు, దానంతటదే వస్తుందనుకున్నారు. ఆపా కూతురి పేరు మీద తహసీల్దారు ఆఫీసుకి ఆరుసార్లు తిరిగింది. ఏడోసారి సర్టిఫికెట్టుతో వచ్చింది. సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుతో ఆ 4 శాతం నిలబడి ఉంది. రేపేమవుతుందో రేపు చూద్దాం, పిల్ల ఈ రోజు చదవాలి కదా అనేది.

నా మేనకోడలు బి.కాం. కంప్యూటర్స్ చదివింది. 2019 సెప్టెంబరులో సచివాలయాల పరీక్ష రాసింది. వార్డు ఎడ్యుకేషన్ అండ్ డేటా ప్రాసెసింగ్ సెక్రటరీగా ఉద్యోగమొచ్చింది. పోస్టింగు మా పేటలోనే. వాళ్ల నానీ దగ్గరే ఉంటోంది. ఒకసారి ఇంటింటి సర్వేలో భాగంగా తన నానీ వివరాలు తనే ఎక్కించాల్సి వచ్చింది. నాకు ఫోన్ చేసింది. "చదువు అన్నచోట నిరక్షరాస్యులు అనే పెట్టాను మామూ, వేరే గడి లేదు" అంది. పక్కనుంచి అమ్మీ "ఏమైందే?" అని అడగడం వినిపించింది. "కుఛ్ నై నానీ" అంది పిల్ల.

ఇది విజయగాథ అనుకుంటున్నారేమో. పిల్లకి ఇరవై ఏడొచ్చాయి. పెళ్లి కాలేదు. వచ్చిన సంబంధాల్లో ఒకడు ఏసీ మెకానిక్కు, ఒకడు సౌదీలో డ్రైవరు, ఒకడు డిగ్రీ. ఆ డిగ్రీవాడు కారడిగాడు, ఉద్యోగం మానెయ్యమనీ అన్నాడు. మెకానిక్కు కుర్రాడు మాత్రం నిజాయితీగా చెప్పాడట, నాకు భయంగా ఉందండీ అని. చుట్టాలంతా ఆపానే అంటారు. ఎక్కువ చదివించి కూర్చోబెట్టింది అని. అంటే 1991లో అబ్బా దస్తర్‌ఖాన్ దగ్గర వేసిన లెక్క తప్పలేదు. ముప్పై నాలుగేళ్ల తర్వాత కూడా సరిపోయింది, స్కూటరు కాస్తా కారయింది తప్ప. నాకు మింగుడుపడనిది అదే. తప్పు లెక్క అయితే కొట్టిపారెయ్యొచ్చు. సరైన లెక్కని ఏం చెయ్యాలి? ఆపా దాన్ని తప్పని అనలేదు, ఒప్పుకోనూ లేదు. పక్కన పెట్టేసింది. పిల్ల నెల జీతంలో కొంత తీసి శాఖా పరీక్షలకి పుస్తకాలు కొంటోంది. ఇప్పుడు మేం కృష్ణా జిల్లా కూడా కాదు, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. ఆఫీసులు మారాయి, బోర్డులు మారాయి, 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి బస్సు టిక్కెట్టు కూడా లేదు. ఆపా వారానికోసారి ఊరికే బస్సెక్కి కూతుర్నీ, అమ్మీనీ చూడ్డానికి పేట వస్తుంది.

ఇంతా రాసిన నేను మా ఇంటి సంగతి చెప్పకపోతే మోసమవుతుంది.

నేను బి.ఏ. మా ఆవిడ ఎం.ఏ. విజయవాడలో కాపురం. మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ ఎం.పి.సి. పూర్తి చేసింది. పొద్దున్న చీకటితో లేచి రాత్రి చీకట్లో ఇంటికొచ్చే కాలేజీలో రెండేళ్లు వేశాం. మార్కులు వచ్చాయి. ఇంజనీరింగు కౌన్సెలింగు నాటికి పిల్ల మెల్లగా చెప్పింది, హైదరాబాదు వెళ్లి బి.ఏ. చరిత్ర చదువుతానని. నేను నవ్వాననుకుంటాను. తర్వాత ఏమన్నానో మాత్రం బాగా గుర్తుంది.

"బి.ఏ. చదివి ఏం చేస్తావే? నన్ను చూస్తున్నావు కదా. ఇంజనీరింగయితే క్యాంపస్‌లో ఉద్యోగమొస్తుంది. ఉద్యోగమున్న పిల్లకి సంబంధం..."

అక్కడ ఆగిపోయాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది.

అబ్బా చదువు కూతుర్ని ఆపమంది. నా చదువు కూతుర్ని ఇటు వెళ్లొద్దు, అటు వెళ్లమంటోంది. రెండు లెక్కల్లోనూ చివర ఉన్నది ఆ పెళ్లికొడుకే. అమ్మీకి బి.ఏ. అంటే ఏమిటో, బి.టెక్. అంటే ఏమిటో తెలీదు. పిల్ల ఫోన్‌లో తన దాదీకి ఏం చెప్పుకుందో నాకు తెలీదు గాని, మర్నాడు అమ్మీ ఫోన్ చేసింది. డెబ్బై అయిదేళ్ల గొంతు.

"పడ్నే దేవ్ రే" అంది. "తేరా క్యా జాతా?"

అప్పట్లో అప్నా అంది, మనది అని. ఇప్పుడు తేరా అంది, నీది అని. నేను సమాధానం చెప్పేలోపు ఆపా ఫోన్ అందుకుంది. అరవలేదు. "ఏ పుస్తకాలు కావాలో కనుక్కో, నీ పాత చరిత్ర పుస్తకం నా దగ్గరే ఉంది" అని పెట్టేసింది.

ఇప్పుడు కాగితం దరఖాస్తులు లేవు. కంప్యూటరు తెర మీద పిల్ల తనే నింపుకుంటోంది. తండ్రి చదువు, తల్లి చదువు అన్నీ పెట్టేసింది. కోర్సు అన్న గడి దగ్గర చెయ్యి ఆపి కూర్చుంది. గడువు ఎల్లుండి సాయంత్రం. నా వైపు చూడ్డం లేదు. నన్ను అడగడమూ లేదు.